మందు పూస్తే పుండు మానుతుందా?

ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా అంటే తాటితోపు అని అర్థం. పేరు బెంగాలీదే గానీ, ఈ రైల్వే ఊళ్లో చాలా ఇళ్లలో పీట వేసి పిలిచే మాట తెలుగు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి షాపు పనికీ షెడ్డు పనికీ వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడే స్థిరపడ్డారు. అలాంటి ఇంట్లో మందుల అలమర తలుపు తీస్తే రెండు రాష్ట్రాల వైద్యం పక్కపక్కన కనిపిస్తుంది. సొంతూరి నుంచి తెచ్చుకున్న పసుపు కొమ్ములు, కలకత్తా ఇచ్చిన ఆకుపచ్చ బోరోలిన్ ట్యూబు, గోధుమరంగు అయోడిన్ సీసా, నురగ వచ్చే పెరాక్సైడ్, కాలినప్పుడు రాసే తెల్ల క్రీము, పైన చల్లే నియోస్పోరిన్ పొడి, అడుగున గడ్డకట్టిన తేనె సీసా. ఇన్నిటికీ ఇంట్లో ఒకటే పేరు, పుండు మందు.

ఈ వ్యాసం ఆ అలమరలోని వాటిని ఒక్కొక్కటిగా కిందికి దించి చూసే ప్రయత్నం. పైపూత మందు సూక్ష్మజీవిని చంపుతుంది సరే, అంతమాత్రాన గాయం త్వరగా మానుతుందా? నూరేళ్లకు పైగా ఈ ప్రశ్న మీద ప్రయోగశాలల్లోనూ ఆసుపత్రుల్లోనూ పని జరిగింది. వచ్చిన జవాబు ఏ గాయం, ఎప్పటిది, ఎవరిది అన్నదాన్ని బట్టి మారుతుంది.

పట్టాలు తప్పిన చోట

గాయం ఎలా మానుతుందో రైల్వే ఊరివాళ్లకు చెప్పడం తేలిక. బండి పట్టాలు తప్పితే మొదట లైను మూస్తారు. తర్వాత శకలాలు ఎత్తేస్తారు. ఆపైన గ్యాంగు దిగి కొత్త పట్టా వేస్తుంది. చివర్న కాషన్ ఆర్డరు పెట్టి, కొన్నాళ్లు బండ్లను మెల్లగా నడుపుతారు. ఒంట్లోనూ ఇదే వరస. తెగిన కొన్ని నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. తర్వాత మూడు నాలుగు రోజులు తెల్ల రక్తకణాలు వచ్చి చచ్చిన కండను, చొరబడ్డ సూక్ష్మజీవులను ఏరివేస్తాయి. ఎరుపు, వాపు, సలుపు ఆ పని జరుగుతోందనడానికి గుర్తులు. నాలుగో రోజు నుంచి సుమారు మూడు వారాల దాకా ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అల్లుతాయి, సన్నని రక్తనాళాలు మొలుస్తాయి, అంచుల నుంచి చర్మకణాలు లోపలికి జరుగుతాయి. మచ్చ గట్టిపడడం ఏడాది, అంతకు పైన కూడా సాగుతుంది. అంతా అయ్యాక కూడా అతుకు బలం పాత చర్మంలో నూటికి ఎనభై వంతులు దాటదు.

తెరిచిన గాయం ఏదీ సూక్ష్మజీవులు లేకుండా ఉండదు. అవి ఉన్నంత మాత్రాన మానడం ఆగదు. అవి పెరిగి, కండలోకి దిగి, చీము పట్టి, తెల్లకణాల చేయి దాటినప్పుడే గాయం నిలబడిపోతుంది. అందువల్ల పైపూత మందుకు నిజంగా పనిపడేది ఆ దశలోనే, లేదా అక్కడికి పోకుండా ఆపడానికే. చిక్కల్లా ఏమిటంటే, సూక్ష్మజీవిని చంపే రసాయనాల్లో చాలావాటికి దొంగెవరో దొరెవరో తెలియదు. పట్టా వేస్తున్న గ్యాంగు మీద కూడా పడతాయి.

యుద్ధం నేర్పిన పాఠం

1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో విరిగిన ఎముకల గాయాలను చీము పట్టకుండా కాపాడిన అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో రాశాడు. అప్పటి నుంచి గాయం చూస్తే రసాయనం పోయడమే శాస్త్రీయత అనిపించుకుంది. ఆ నమ్మకానికి మొదటి ప్రపంచ యుద్ధం పరీక్ష పెట్టింది. ఫ్రాన్స్‌లోని బులోన్‌లో సైనికాసుపత్రి ప్రయోగశాలలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని వేడిచేసి, లోపలికి ముళ్లలాంటి గోతులు లాగి, ఫిరంగి గుండు చీల్చిన గాయానికి నకలు చేశాడు. అందులో క్రిములున్న ద్రవం పోసి, దాన్ని తీసేసి, యాంటిసెప్టిక్ నింపి చూశాడు. ఎన్నిసార్లు నింపినా మూలల్లో దాక్కున్న క్రిములు బతికే ఉన్నాయి. పైగా ఆ ద్రవాలు క్రిముల కన్నా ముందు తెల్లకణాలను చంపుతున్నాయని తేలింది. పెన్సిలిన్ కనిపెట్టడానికి పదేళ్లకు పైగా ముందే ఆయన చేసిన ఈ చిన్న ప్రయోగం నేటి సమీక్షలన్నిటికీ పునాది.

అదే యుద్ధంలో అలెక్సిస్ కారెల్, హెన్రీ డేకిన్ ఇంకో దారి చూపారు. సుమారు అర శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని సన్నని గొట్టాల ద్వారా పదే పదే గాయంలోకి పంపేవారు. అంతకు ముందు చచ్చిన కండను కోసి తీసేసేవారు. ఫలితం బాగుంది. అయితే అందులో ద్రావణం వాటా ఎంత, కత్తి వాటా ఎంత అన్న వాదన అప్పుడే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల నడుముకు సల్ఫా పొడి పొట్లం కట్టారు. ఫ్రాంక్ మెలెనీ నాయకత్వంలో జరిగిన పెద్ద పరిశీలన ఆ పొడి గాయంలో చీమును ఆపలేదని చెప్పింది. చచ్చిన కండ తీయకుండా చల్లిన పొడి, చెత్త ఊడ్వకుండా చల్లిన ముగ్గు లాంటిదే.

గోధుమరంగు సీసా, నురగ సీసా

అయోడిన్‌ను 1811లో బెర్నార్ కుర్త్వా సముద్రపు నాచు బూడిదలో కనుక్కున్నాడు. టింక్చర్ అయోడిన్ ఆల్కహాలులో కలిపిన మందు కాబట్టి పూసిన చోటల్లా మంట లేచేది. 1955లో వచ్చిన పోవిడోన్ అయోడిన్ ఆ మంట తగ్గించింది. పాలిమర్ పట్టి ఉంచిన అయోడిన్ కొద్ది కొద్దిగా వదులుతుంది. సీసా మీద 10 శాతం అని ఉంటే అందులో అందే అయోడిన్ సుమారు 1 శాతం. నీళ్లు కలిపి పలుచన చేస్తే ఒక మేరకు విడి అయోడిన్ పెరుగుతుంది. చిక్కగా ఉంటేనే బాగా పనిచేస్తుందన్న మన అంచనా ఇక్కడ తలకిందులవుతుంది.

1985లో లైన్‌వీవర్ బృందం నాలుగు యాంటిసెప్టిక్‌లను మనిషి ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద పరీక్షించింది. 1 శాతం పోవిడోన్ అయోడిన్, అర శాతం హైపోక్లోరైట్, 3 శాతం పెరాక్సైడ్, పావు శాతం ఎసిటిక్ ఆమ్లం, నాలుగూ కణాలను చంపేశాయి. వెయ్యి రెట్లు పలుచన చేసి 0.001 శాతానికి తెచ్చిన పోవిడోన్ అయోడిన్, నూరు రెట్లు పలుచన చేసి 0.005 శాతానికి తెచ్చిన హైపోక్లోరైట్ మాత్రం క్రిములను చంపుతూ కణాలను వదిలేశాయి. పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లాలకు అలాంటి మధ్యేమార్గం దొరకలేదు. క్రిమి చావకముందే కణం చచ్చేది. పెరాక్సైడ్ పోయగానే పొంగే నురగను చూసి మందు పట్టిందని సంబరపడతాం. మన కణాల్లోనూ రక్తంలోనూ ఉన్న కెటలేజ్ అనే ఎంజైము దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడమే ఆ నురగ. లోతైన, మూసుకున్న గాయంలో పోస్తే ఆ వాయువు రక్తనాళాల్లోకి పోయి ప్రాణానికే ముప్పు తెచ్చిన సందర్భాలు ఉన్నాయి.

అయితే పళ్లెంలో కణం వేరు, మనిషి కాలి మీది గాయం వేరు. గాయంలో రక్తం, చీము, ప్రొటీన్లు అయోడిన్‌ను తినేస్తాయి. అందుకే 2010లో వచ్చిన ఒక క్రమబద్ధ సమీక్ష 27 యాదృచ్ఛిక పరీక్షలను కలిపి చూసి, అయోడిన్ మానడాన్ని పెద్దగా తొందరపెట్టనూ లేదు, ఆలస్యం చేయనూ లేదు అని తేల్చింది. ప్రయోగశాల భయపెట్టినంత చెడు జరగలేదు, సీసా మీద నమ్మకం చెప్పినంత మంచీ జరగలేదు. శస్త్రచికిత్సలో కోత మూసే ముందు పోవిడోన్ అయోడిన్ నీటి ద్రావణంతో కడగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో షరతులతో సూచించింది. యాంటిబయాటిక్ కలిపిన నీళ్లతో కడగవద్దని అప్పుడే చెప్పింది.

కాలినప్పుడు తెల్ల క్రీము

కాలిన గాయాలకు వెండి మందు చరిత్ర వేరు. 1965లో మోయర్ బృందం అర శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చింది. 1968లో చార్లెస్ ఫాక్స్ వెండిని, సల్ఫా మందును జోడించి సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీము చేశాడు. అంతకు ముందు ఒళ్లంతా కాలినవాళ్లను సూడోమొనాస్ క్రిమి ఎత్తుకుపోయేది. క్రీము వచ్చాక వాళ్లు బతకసాగారు. లోతుగా, విస్తారంగా కాలినప్పుడు ఈ మేలును తక్కువ చేయడానికి లేదు.

కానీ అదే క్రీము చిన్న కాలుడికి, నూనె చిందిన చేతికి, టీ ఒలికిన తొడకు కూడా అలవాటుగా మారింది. వైద్య పరీక్షలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష 30 పరీక్షలను చూసి, పైపైన కాలిన గాయాల్లో సిల్వర్ సల్ఫాడయాజిన్ వాడినవాళ్లకు సిలికోన్, బయోసింథటిక్, వెండి పట్టీలు వాడినవాళ్ల కన్నా మానడం ఆలస్యమైందని చెప్పింది. కారణాలు అర్థమయ్యేవే. క్రీము గాయం మీద మీగడలాంటి పొర కడుతుంది. దాని కింద కాలుడు ఎంత లోతో వైద్యుడికి కనబడదు. రోజూ ఆ పొర గీకి తీసి కొత్త పూత వేయాలి. తీసిన ప్రతిసారీ నొప్పి, పొరతో పాటు కొత్త చర్మకణాలు కూడా. రెండు నెలల లోపు శిశువులకు, నెలలు నిండుతున్న గర్భిణులకు, సల్ఫా పడనివాళ్లకు ఇది తగదు.

ఈ క్రీముతో పోటీలోకి దిగింది అలమర అడుగున ఉన్న తేనె. ఆ పోటీ జరిగిన ఊరు తెలుగు నేతగాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న షోలాపూర్ కావడం మనకు ఆసక్తి. 1991లో అక్కడి శస్త్రచికిత్స నిపుణుడు ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన రోగుల్లో సగం మందికి తేనె, సగం మందికి సిల్వర్ సల్ఫాడయాజిన్ పెట్టి ఫలితాన్ని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రచురించాడు. ఏడు రోజులయ్యేసరికి తేనె పెట్టిన గాయాల్లో 91 శాతం క్రిమిరహితం, క్రీము పెట్టినవాటిలో 7 శాతమే. పదిహేను రోజులకు మానినవి 87 శాతానికి 10 శాతం. తేనె ఇలా పనిచేయడానికి కారణాలున్నాయి. దాని చక్కెర గాఢత క్రిమిలోని నీటిని పీల్చేస్తుంది, పులుపు క్రిమికి పడదు, గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము తగుమాత్రం పెరాక్సైడ్‌ను మెల్లగా వదులుతుంది. సీసాలోంచి గుమ్మరించిన పెరాక్సైడ్‌కూ, తేనె చుక్క చుక్కగా విడిచే పెరాక్సైడ్‌కూ ఉన్న తేడా మోతాదులోనే.

2015 కోక్రేన్ సమీక్ష తేనె మీద 26 పరీక్షలను, 3,011 మందిని లెక్కలోకి తీసుకుంది. పాక్షికంగా కాలిన గాయాలు మామూలు పట్టీల కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందు మానాయని ఒప్పుకుంది. అయితే కాలిన గాయాల మీద పరీక్షల్లో చాలావాటికి మూలం ఒకే కేంద్రం అన్న జాగ్రత్త కూడా చెప్పింది. నేను దానికి ఇంకొకటి జోడిస్తాను. తేనె గెలిచింది ఎవరి మీద? మానడాన్ని తానే ఆలస్యం చేసే క్రీము మీద. పందెంలో అవతలివాడు కుంటివాడైతే గెలిచినవాడి పరుగు ఎంతో మనకు తెలియదు. ముంబయి వైద్యులు ఉడికించిన బంగాళాదుంప తొక్కతో, తర్వాత అరటాకుతో చేసిన పట్టీలు కూడా కాలిన గాయాల మీద చక్కగా పనిచేశాయి. వాటిలో క్రిమిసంహారం ఏమీ లేదు. తేమ నిలిపి, అంటుకోకుండా ఊడి వస్తాయి, అంతే. దీన్ని బట్టి తేనె చేసే మేలులో కూడా కొంత పాలు దాని జిగటకూ తేమకూ దక్కాలి.

ఖరగ్‌పూర్ ఐఐటీలో 2001లో మొదలైన వైద్య విజ్ఞాన సాంకేతిక పాఠశాల పరిశోధకులు నేరేడు తేనె పలుచనను బట్టి కణాల స్పందన ఎలా మారుతుందో 2015లో ప్రచురించారు. పళ్లెంలో కణాలను గీరి, ఆ ఖాళీని అవి ఎంత వేగంగా పూడుస్తాయో చూశారు. అక్కడ కూడా బాగా పలుచన చేసిన తేనెదే పైచేయి. అయోడిన్ విషయంలో లైన్‌వీవర్ బృందం చెప్పిన మాటే తేనె విషయంలో ఖరగ్‌పూర్ చెప్పింది: మోతాదే మందు. ఇంటి తేనెను గాయానికి పూయవచ్చా అని అడిగితే మాత్రం వద్దనే చెప్పాలి. వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మామూలు తేనెలో క్లాస్ట్రీడియం బీజాలు ఉండవచ్చు.

పొడి, ఆయింట్‌మెంటు

యాంటిబయాటిక్ పూతల కథలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథి. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోంచి ఆరియోమైసిన్ వెలికితీశాడు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అది పెద్దకొడుకు. మాత్రగా వచ్చిన మందు కొన్నాళ్లకే ఆయింట్‌మెంటుగా ఇంటింటి గాయాల మీదికి వచ్చింది. చాలా యాంటిబయాటిక్‌లు నడిచిన దారి ఇదే.

ఈ పూతల వల్ల ఎంత లాభం? మూడు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1995లో డైర్ బృందం అత్యవసర విభాగానికి వచ్చిన 426 మంది మామూలు గాయాలను చూసింది. ఉత్త పెట్రోలియం జెల్లీ రాసినవాళ్లలో 17.6 శాతానికి చీము పట్టింది. బాసిట్రాసిన్ రాసినవాళ్లలో 5.5, మూడు యాంటిబయాటిక్‌లు కలిసిన ఆయింట్‌మెంటు రాసినవాళ్లలో 4.5, సిల్వర్ సల్ఫాడయాజిన్ రాసినవాళ్లలో 12.1. ఇది మందు పక్షాన సాక్ష్యం. 1996లో స్మాక్ బృందం 922 మందిలో, శుభ్రమైన చిన్న చర్మ శస్త్రచికిత్సల తర్వాత జెల్లీనీ బాసిట్రాసిన్‌నూ పోల్చింది. జెల్లీతో 2 శాతం, మందుతో 0.9 శాతం. గణాంకపరంగా అది తేడా కాదు. మానడంలోనూ తేడా లేదు. బాసిట్రాసిన్ వాడిన నలుగురికి దద్దుర్లు వచ్చాయి, జెల్లీ వాడినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. 2009లో ఆస్ట్రేలియాలోని మెకే ప్రాంతంలో 972 మందికి కుట్లు వేశాక ఒక్కసారి క్లోరాంఫెనికాల్ రాస్తే ఇన్ఫెక్షన్ 11 నుంచి 6.6 శాతానికి తగ్గింది. ఇరవై ఇద్దరికో ఇరవై ముగ్గురికో రాస్తే ఒకరికి మేలు.

మూడూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టివేయవు. రోడ్డు మీద పడి, మట్టి అంటిన గాయానికి సూక్ష్మజీవుల బెడద ఎక్కువ, అక్కడ పూతకు పని దొరికింది. శుభ్రమైన గదిలో శుభ్రమైన కత్తి కోసిన కోతలో పని దొరకలేదు. ఉక్కగా ఉండే మెకేలో కొద్దిగా దొరికింది. ఈ మూడిట్లోనూ కొలిచింది ముఖ్యంగా చీము పట్టడాన్ని. చీము తగ్గిన చోట గాయం ఎన్ని రోజులు ముందు మానిందో చెప్పగలిగిన పరీక్షలు ఇప్పటికీ కొద్దే.

నష్టాల పద్దు కూడా రాయాలి. మనం తరచు చల్లే పొడుల్లోని నియోమైసిన్ చర్మానికి పడకపోవడంలో పేరుమోసింది. 2010లో అమెరికా చర్మవైద్య సంఘమొకటి దాన్ని ఆ ఏటి స్పర్శ ఎలర్జీ కారకంగా ప్రకటించింది. పొడి చల్లిన చోట ఎర్రగా రేగితే, పుండు ముదిరిందనుకుని ఇంకాస్త చల్లడం మామూలు. రెండో నష్టం ఒకరి ఇంటితో పోదు. మ్యుపిరోసిన్, జెంటామైసిన్ లాంటి యాంటిబయాటిక్‌లు విచ్చలవిడిగా పూసిన వార్డుల్లో వాటికి లొంగని స్టాఫిలోకాకస్, సూడోమొనాస్ పుట్టుకొచ్చాయి.

మరి ఉత్త జెల్లీ ఇంత బాగా ఎందుకు నిలబడింది? 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో జవాబుంది. పాలిథిన్ పొరతో కప్పి తడిగా ఉంచిన గాయాలు గాలికి వదిలేసిన వాటి కన్నా దాదాపు రెండింతల వేగంతో చర్మం కప్పుకున్నాయి. పక్కు కడితేనే పుండు మానినట్టని మన పెద్దల మాట. ఆ పక్కు కింద కొత్త చర్మం తడి వెతుక్కుంటూ కిందికి దిగి, చుట్టు తిరిగి పాకాల్సి వస్తుంది. గాలి తగలనివ్వమని కట్టు విప్పేయడం మానడాన్ని సాగదీయడమే.

మొండి పుండు

నెలల తరబడి మానని పుండు దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ సూక్ష్మజీవులు విడివిడిగా ఉండవు. బంక లాంటి గూడు కట్టుకుంటాయి, దాన్నే బయోఫిల్మ్ అంటారు. 2008లో ఒక బృందం సూక్ష్మదర్శినితో చూస్తే 50 దీర్ఘకాలపు పుండ్లలో 60 శాతానికి ఆ గూడు ఉంది. 16 తాజా గాయాల్లో ఒక్కదానికే ఉంది. పైన పోసిన మందు ఆ గూడు లోపలికి దిగదు, గీకి తీస్తేనే దారి దొరుకుతుంది.

కాలి సిరల పుండ్ల మీద వెండి పట్టీల పరీక్ష 2009లో బ్రిటన్‌లో 213 మందితో జరిగింది. 12 వారాలకు వెండి పట్టీతో 59.6 శాతం మానాయి, వెండి లేని పట్టీతో 56.7 శాతం. ధర ఎక్కువ, లాభం లేదు. అదే పుండ్లకు కాడెక్సోమర్ అయోడిన్ కొంత మేలు చేస్తుందన్న ఆధారం ఉంది. దాని గింజలు చీమును పీల్చుకుంటూ అయోడిన్‌ను కొద్దికొద్దిగా వదులుతాయి. మానుతున్నది మాత్రం ముఖ్యంగా బిగువు కట్టు వల్ల.

షుగరు ఉన్నవాళ్ల అరికాలి పుండు మన ఇళ్లలో అన్నిటికన్నా ఖరీదైనది. వేలితో మొదలై కాలితో ముగుస్తుంది. 2017 కోక్రేన్ సమీక్ష 22 పరీక్షల్లోని 2,310 మందిని చూసి, క్రిమినాశక పట్టీలతో మానేవాళ్లు కొంచెం పెరగవచ్చునని చెప్పింది, ఆధారం బలహీనమని కూడా చెప్పింది. షుగరు పాదాల అంతర్జాతీయ నిపుణుల బృందం మార్గదర్శకాలు దీనికన్నా ఖరాఖండి. మానడం కోసమని యాంటిసెప్టిక్‌లు, వెండి పట్టీలు వాడవద్దు. చీము లక్షణాలు లేని పుండుకు యాంటిబయాటిక్ వద్దు. చేయాల్సింది ఆ కాలు మీద బరువు పడకుండా చూడడం, చచ్చిన కండ తీయడం, రక్తం పారుతోందా అని పరీక్షించడం, షుగరు అదుపు. స్పర్శ పోయిన అరికాలితో రోజంతా నడుస్తూ పైన ఎంత ఖరీదైన మందు పూసినా, ప్రతి అడుగూ పుండును మళ్లీ తెరుస్తుంది.

పసుపు, బోరోలిన్, బొడ్డు, కుక్కకాటు

పసుపు విషయంలో మనకో గర్వకారణం ఉంది, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. 1995లో గాయాలు మాన్పడానికి పసుపు వాడడం మీద అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి ఎదురు తిరిగి, పాత గ్రంథాల ఆధారాలు చూపి 1997లో దాన్ని రద్దు చేయించింది. గెలిచిన వాదన ఇది కొత్త సంగతి కాదన్నదే. పసుపు పుండు మానుస్తుందా అన్నది ఆ కేసులో తేలలేదు, తేలాల్సిన అవసరమూ లేదు. పసుపులోని కర్క్యుమిన్‌కు ప్రయోగశాలలో మంచి గుణాలున్నాయి. నీళ్లలో కరగదు, వంటింటి పసుపు శుద్ధమైనదీ కాదు. బజారు పొడిలో సీసం కలిసిన రంగుల కల్తీ కూడా బయటపడిన సంగతే. గడ్డిచామంతి ఆకు పసరుకూ జంతువుల మీద జరిగిన పరీక్షల మేరకే ఆధారం ఉంది.

బోరోలిన్ 1929లో గౌరమోహన్ దత్తా కలకత్తాలో మొదలుపెట్టిన సరుకు. బోరిక్ ఆమ్లం, జింక్ ఆక్సైడ్, లానోలిన్ దాని దినుసులు. బోరిక్ ఆమ్లం బలహీనమైన క్రిమినాశకం. పగిలిన మడమకు, గీసుకున్న మోచేతికి అది చేసే మేలు తడి పట్టి ఉంచే మైనపు గుణానిదే కావచ్చు. పెద్ద పచ్చి గాయాల మీద, పసిపిల్లల ఒంటి మీద బోరిక్ ఆమ్లం వాడకూడదు.

ఇంతవరకూ చదివి యాంటిసెప్టిక్‌లన్నీ దండగని తీర్మానించుకుంటే మళ్లీ తప్పే. రెండు సందర్భాలు చాలు. మొదటిది బొడ్డు. నేపాల్‌లో జరిగి 2006లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో పుట్టిన బిడ్డ బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ అనే యాంటిసెప్టిక్ రాస్తే నవజాత శిశు మరణాలు 24 శాతం తగ్గాయి. బంగ్లాదేశ్, పాకిస్తాన్ పరీక్షలూ మేలునే చూపాయి. తర్వాత జాంబియా, పెంబా పరీక్షల్లో ఆ మేలు కనబడలేదు, కాబట్టి బొడ్డుకు హానికర పదార్థాలు పూసే అలవాటున్న చోట్లకే దాన్ని పరిమితం చేశారు. ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. ఆ మందు రాసిన బిడ్డలకు బొడ్డు ఊడడం ఆలస్యమైంది. గాయం ఆలస్యంగా మానింది, ప్రాణం నిలిచింది. సూక్ష్మజీవిని చంపడం, పుండు మానడం రెండు వేర్వేరు పనులనీ, ఏది ముఖ్యమో సందర్భమే చెప్పాలనీ ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

రెండోది కుక్కకాటు. ప్లాట్‌ఫాం మీద కుక్క కరిస్తే ఇంటికి పరిగెత్తి సున్నమో కారమో పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, తర్వాత అయోడిన్ పూసి, ఆ రోజే టీకా కోసం వెళ్లాలి. అక్కడ రేబిస్ వైరస్‌ను కడిగిపారేయడం ముందు, ఫైబ్రోబ్లాస్ట్ సంగతి తర్వాత. ధనుర్వాతం దీనికి తిరగేసిన కథ. దాని బీజాలను ఏ పూతా నమ్మకంగా చంపలేదు, కాపాడేది టీకాయే.

లెక్క తేల్చితే

ఇన్ని పరీక్షలు చదివాక మూడు లోపాలు పదే పదే ఎదురవుతాయి. చాలా పరీక్షలు గాయంలోని క్రిముల సంఖ్యను కొలిచి, దాన్నే మానడంగా లెక్కవేశాయి. చాలావాటిలో పోటీగా పెట్టిన మందు సిల్వర్ సల్ఫాడయాజిన్ కావడంతో ఎవరు దిగినా గెలిచారు. 2017లో కాలిన గాయాల యాంటిసెప్టిక్‌ల మీద 56 పరీక్షలు, 5,807 మందిని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా ఎక్కువ చోట్ల ఆధారం బలహీనమనే రాయాల్సి వచ్చింది. ఇక ఉక్కపోత, చెమట, బొగ్గుమసి, గ్రీజు మధ్య పనిచేసే మనిషి గాయం ఈ పరీక్షల్లో దాదాపు కనబడదు.

అయినా అలమర సర్దుకోవడానికి సరిపడా తెలిసింది. తెగిన వెంటనే పారే కుళాయి నీళ్లు. తాగడానికి పనికొచ్చే నీళ్లు సెలైన్‌కు తీసిపోవని పరీక్షలు చెప్పాయి. కాలితే ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు, టూత్‌పేస్టు, సిరా వద్దు. శుభ్రమైన గాయానికి జెల్లీ రాసి కట్టు. మట్టి అంటిన గాయానికి, కాటుకు ఒకసారి అయోడిన్, రోజూ వద్దు. పెరాక్సైడ్ సీసా గచ్చు మరకలకు పనికొస్తుంది. తెల్ల క్రీము వైద్యుడు చెప్పినప్పుడే. పసుపు వంటింట్లోకి, తేనె చపాతీలోకి.

డ్రెస్సింగు గదిలో కూర్చుంటే బెంచీ మీద పక్కవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏం మందు పెడుతున్నారని. కట్టు విప్పే సిస్టరు అది అడగదు. ఎన్నాళ్లయింది, దేనితో తగిలింది, షుగరుందా, టీకా ఎప్పుడు వేయించుకున్నారు అని అడుగుతుంది. నూరేళ్ల పరిశోధన కలిపి తేల్చిన ప్రశ్నలూ ఆ నాలుగే. అవి ఒక కాగితం మీద రాసి అలమర తలుపు లోపల అతికిస్తే, లోపలి సీసాల్లో సగం ఖాళీ అయ్యాక మళ్లీ కొనక్కర్లేదు.